నాలుగు పేజీల తరుగు

ఆ సోమవారం పొద్దున ప్రెస్సు తాళం తీసేటప్పటికి అతని చేతిలో ఉన్నవి ఇవి. మూతపడిన ఒక పత్రిక ఆఫీసు నుంచి అయినకాడికి తెచ్చుకున్న కాగితం, రంగు కాస్త మాగినా చేతికి మెత్తగా తగిలేది. పనిలేక ఆవులిస్తున్న మెషిను. మడతల గదిలో ఆరుగురు ఆడవాళ్ల చేతివేగం. పుస్తకం చూడకుండానే, పేరు విని, మాకు పంపించండి అన్న దుకాణాలవాళ్ల మాట. అన్నిటికీ మించి, రిటైరైన సైన్సు మాస్టారు రెండేళ్లు కూర్చుని రాసిన పుస్తకం.

పుస్తకం మెదడు గురించి. ‘తలలో ఒక ఊరు’ అని పేరు పెట్టింది అతనే. మాస్టారు పెట్టిన పేరు పైకి చదవాలంటే మధ్యలో ఒకసారి ఊపిరి పీల్చుకోవలసి వచ్చేది.

అతన్ని ఎదుట పడితే షావుకారు గారూ అనేవాళ్లు, చాటున కత్తెర అనేవాళ్లు. కాగితం కోసినా, రచయిత వాక్యం కోసినా చెయ్యి వణకదని. ఆ సంగతి అతనికి తెలుసు. దర్జీని కత్తెర అంటే తిట్టెలా అవుతుందని సర్దుకున్నాడు. పుస్తకం కూడా సరుకే. సరుకు మీద దుమ్ము ఉండకూడదు, ముడత ఉండకూడదు, అమ్మేవాడి ముఖంలో అనుమానం అసలే ఉండకూడదు.

మాస్టారు ఆఖరి ప్రూఫు చంకలో పెట్టుకుని వచ్చాడు. బల్లకి అటువైపు కూర్చుని, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, చివరి కాగితాలు ముందు పెట్టాడు.

“వివరణలు చూశావా? నాలుగు పేజీలూ?”

“చూశాను మాస్టారూ. మీ అనుమానాలన్నీ ఒక గదిలోకి తోలి గొళ్లెం పెట్టాం కదా.”

“అనుమానాలు కావయ్యా. నన్నడిగితే అసలు పుస్తకం అదే. ముందున్నదంతా కథ.”

“మీ మొదటి ప్రతిలో ప్రతి మూడో వాక్యానికీ ఒక ‘బహుశా’ ఉండేది. ‘ఇంకా తేలలేదు’, ‘కొందరు ఒప్పుకోరు’. నేను కొట్టులో నిలబడి, ఈ కలం రాస్తుందో రాయదో ఇంకా తేలలేదండీ అంటే మీరు కొంటారా?”

మాస్టారు నవ్వాడు. “కొనను. కానీ కలం సంగతి నీకు తెలుసు. మెదడు సంగతి ఎవరికీ పూర్తిగా తెలీదు. తెలీకపోయినా ఇంతదూరం ఎలా వచ్చారన్నదే అందులో ఉన్న అందం.”

“ఆ అందాన్ని చివర్లో చూపిద్దాం. ముందే చూపిస్తే గుమ్మంలోనే వెనక్కి తిరుగుతారు.”

మాస్టారు పెన్సిలుతో ప్రూఫు తిరగేస్తూ ఒకచోట ఆగాడు. మూడో అధ్యాయం మొదటి పేజీ. పైన సగం పేజీ మేర మూసుకుంటున్న తలుపు బొమ్మ. దాని కింద పెద్ద అక్షరాల్లో: *ఆరేడేళ్లు దాటాయా, మాతృభాష నేర్చుకునే తలుపు మూసుకుపోతుంది. ఆ తర్వాత ఎంత తట్టినా తెరుచుకోదు.*

“ఈ రెండో వాక్యం నేను రాశానా?”

“నేను కలిపాను. మీది సగంలో ఆగిపోయినట్టు ఉంటేనూ.”

మాస్టారు ఆ వాక్యాన్ని పెదాలతో ఒకసారి చదువుకున్నాడు. పెన్సిలు కొసతో దాని మీద రెండుసార్లు తట్టాడు. కొట్టేస్తాడేమోనని అతను చూస్తున్నాడు.

“బాగానే మోగింది,” అన్నాడు మాస్టారు. “సరే, వివరణలో ఉంది కదా. కావలసినవాడు వెతుక్కుంటాడు.” అన్ని పేజీల కిందా పొడి అక్షరాలు గీసి వెళ్లిపోయాడు.

మాస్టారి చెప్పుల చప్పుడు మెట్ల మీద ఆగకముందే మెషినాయన చేతులు గుడ్డకి తుడుచుకుంటూ వచ్చాడు.

“అయ్యా, ఆరు ఫారాలు నిండి నాలుగు పేజీలు పైకి ఒలికాయి. ఏం చెయ్యమంటారు?”

ఒక పెద్ద కాగితం మీద అటూ ఇటూ కలిపి పదహారు పేజీలు పడతాయి. దాన్ని మడిస్తే ఒక ఫారం. ఆరు ఫారాలు ఒకదాని మీద ఒకటి చేర్చి కుడితే పుస్తకం. నాలుగు పేజీల కోసమని వేరే ప్లేటు చెయ్యాలి, మెషిను మళ్లీ సర్దాలి, ఆ ముక్కని ప్రతి పుస్తకానికీ చేత్తో జిగురు రాసి అంటించాలి. ఎంత ఓపిగ్గా అంటించినా ఆ చోట పుస్తకం కొంచెం ఉబ్బుతుంది.

అతను నాలుగు పేజీలూ చేతిలోకి తీసుకున్నాడు. చిన్న అక్షరాలు. ఒక పేరాలో ఇలా ఉంది: *మూడో అధ్యాయంలో తలుపు అన్నాను. అది వాడుకకి తేలిక కోసం. ఏ వయసు దాకా అన్నది ఇంకా తేలలేదు. అసలు ఒక్కసారిగా మూసుకునేదేదైనా ఉందా అన్నదీ వాదమే. ఆలస్యమైతే కష్టం పెరుగుతుందనే ఎక్కువమంది అంటున్నారు. ఇక రాదని ఎవరూ రుజువు చెయ్యలేదు.* అతను చదివాడు. చదువుతున్నప్పుడు కూడా అతని బొటనవేలు కాగితం మందాన్ని చూస్తోంది.

“ఇవి ఎవరు చదువుతారు?” అన్నాడు. “తీసెయ్.”

“మాస్టారికి చెప్పరా మరి?”

“పుస్తకం చేతికొస్తే ఆయనే మురిసిపోతాడు. మళ్లీ అచ్చులో వేద్దాంలే.”

అలా అంటున్నప్పుడు నిజంగానే అలా వేస్తానని కూడా అతను నమ్మాడు.

మెషిను మర్నాడంతా ఆడింది. కాగితం బాగా పలికింది. సిరా పట్టింది, వెనక్కి కారలేదు. తడి ఆరాక ఫారాలు మడతల గదికి చేరాయి.

ఆ గదిలో ఎవరు ఎన్నో ఫారం మడిస్తే వాళ్లకి అదే పేరు. పుస్తకాలు మారినా చోట్లు మారవు. కిటికీ పక్కన ఒకటో ఫారం అత్త, గదికంతటికీ పెద్ద, నోరూ పెద్దదే. మధ్యలో మూడో ఫారం ఆమె, సన్నగా, ముడుచుకుని కూర్చునే మనిషి. కాగితాన్ని వెలుతురుకి ఎత్తి అంకె మీద అంకె పడిందా అని చూడ్డం, మడవడం, నున్నటి పుల్లతో అంచు నొక్కి లాగడం, తిప్పడం, మళ్లీ మడవడం. ఆరుగురి పుల్లలూ కలిసి ఒకేలా గీరుతుంటే అతనికి తన గదిలో కూర్చునే పని ఎలా సాగుతోందో తెలిసిపోయేది.

మూడో ఫారం ఆమెకి చదువు వచ్చు. మడుస్తూ మడుస్తూ కంటికి ఆనినంత చదివి మిగతావాళ్లకి చెప్పేది. ఒకే కాగితం రోజంతా చేతిలో తిరుగుతుంది కాబట్టి ఒక్కో మడతకి ఒక్కో వాక్యం కూడబెట్టుకునేది. కావలిస్తే పక్కవాళ్ల గుట్టలోంచీ ఒకటి లాక్కునేది. ఎలాగూ మాటలు ఆగవు, పనికొచ్చే మాటలైతే మంచిదేగా అని అతనూ ఊరుకున్నాడు.

“మనం ఒక సంగతిని తలుచుకున్నప్పుడల్లా దాన్ని కాస్త మార్చేసి మళ్లీ దాచుకునే వీలుందట అత్తా,” అంది ఆమె ఆ పొద్దున, రెండో ఫారం చూస్తూ.

“అదా సంగతి! పెళ్లిచూపుల నాడు నువ్వే నన్ను చూసి మూర్ఛపోయావంటాడు మా ఆయన. ముప్పై ఏళ్లుగా తలుచుకుంటున్నాడు మరి, అరిగి అరిగి అలా తయారైంది.”

గదంతా నవ్వింది. మూడో ఫారం ఆమె కూడా నవ్వి, తన గుట్ట ముందుకు లాక్కుంది. ఆ తర్వాత ఆమె గొంతు వినపడలేదు. అతను రెండు మూడుసార్లు గుమ్మం దాకా వచ్చి చూశాడు. మడిచిన ఫారాల గుట్ట మామూలుకంటే ఎత్తుగా లేచింది. మాటలు తగ్గితే పని పెరుగుతుంది అనుకుని సంతోషించాడు.

ఆమె రోజూ అందరికంటే ఒక గంట ముందు వెళ్లేది. పుట్టినప్పటి నుంచీ వినపడని కూతురు ఆమెకి. పేరేదో ఉంది కానీ పిచ్చుక అని పిలుచుకునేది, పిలుపు పిల్లకి చేరకపోయినా. ఏడాది క్రితం ఎవరో చెబితే సైగల భాష నేర్పే టీచరమ్మ దగ్గర చేర్చింది. పిల్ల పగలంతా అక్కడే ఉండేది, చివరి గంట తల్లి కూడా పక్కన కూర్చోవాలి. ఆ గంటకి కూలి తెగ్గోసుకునేది. ఆరోజు కూడా వేళకి లేచి, చీర కుచ్చిళ్ల మీద కాగితప్పొడి దులుపుకుని వెళ్లింది.

మర్నాడు సాయంత్రం ఆ వేళ దాటినా మూడో పుల్ల గీరుడు ఆగలేదు.

అతను చెవి ఒగ్గి విని, లేచి వెళ్లి చూశాడు. ఆమె మడుస్తోంది. పక్కన నేల మీద పిల్ల. చిత్తు కాగితాలు చుట్టూ పరుచుకుని, తల్లి మోకాలి మీద తట్టి, రెండు చేతులతో గాలిలో ఏదో చెబుతోంది. వేళ్లు చకచకా విచ్చుకుంటున్నాయి, కనుబొమలు పైకి లేస్తున్నాయి. తల్లి పుల్ల పక్కన పెట్టి, ఆ రెండు చేతుల్నీ మెల్లగా పట్టుకుని పిల్ల ఒళ్లో పెట్టింది. మళ్లీ పుల్ల అందుకుంది. పిల్ల కాసేపాగి మళ్లీ చేతులెత్తింది. తల్లి మళ్లీ పట్టుకుని ఒళ్లో పెట్టింది, ఒలికిన గిన్నెని సరిచేసినట్టు.

“ఏమ్మా, ఇవాళ క్లాసు లేదా?”

“మానిపించేశానండీ.”

“ఏం? టీచరమ్మ ఊరెళ్లిందా?”

“లేదండీ, ఉంది. నిన్న వెళ్లి చెప్పేసి వచ్చా.” ఆమె చేతిలో పని ఆపలేదు. “వయసు దాటాక లాభం లేదట కదండీ. దీనికి ఎనిమిది దాటింది. ఇంకా ఎందుకు ఆ పసిదాన్ని హింసపెట్టడం.”

“ఎవరన్నారు నీకు?”

అతను వేళాకోళం ఆడుతున్నాడేమోనని ఆమె ముఖంలోకి చూసింది. గుట్ట మీద నుంచి ఒక ఫారం తీసి అతని ముందుకు జరిపింది. మూసుకుంటున్న తలుపు, దాని కింద రెండు వాక్యాలు. ఫారానికి మొదటి పేజీ అదే కాబట్టి, మడతలన్నీ అయ్యాక పైకి తేలేది అదే.

“నిన్న పొద్దున్నించీ మడుస్తున్నా కదండీ. మడిచినప్పుడల్లా అదే పైకి వస్తుంది. ముందు నమ్మలేదు. మధ్యాహ్నానికి నమ్మేశా.”

అత్త కిటికీ దగ్గర్నించి, “నేను చెప్పా అయ్యగారూ, ఒకసారి ఆ టీచరమ్మని అడగవే అని. వింటేనా,” అంది.

“ఏం అడగాలత్తా? ఆవిడ వస్తుందనే అంటుంది, ఆవిడ పని అది. ఇదైతే అందరి కోసం రాసింది.” ఆమె అతని వైపు తిరిగింది. ముఖంలో ఏడుపు లేదు. బరువు దించుకున్న మనిషి తేటదనం ఉంది. “ఒక రకంగా నిమ్మళంగా ఉందండీ. ఇన్నాళ్లూ నాదే లోపం అనుకున్నా. ఇంటికెళ్లాక దాంతో కూర్చుని చేతులాడించాలన్నారా, నాకేమో కళ్లు మూతలు పడిపోయేవి. రేపు, రేపు అనేదాన్ని. తలుపే మూసుకుపోయాక నేను మాత్రం ఏం చేస్తాను చెప్పండి.”

చెప్పవలసింది అప్పుడే. నాలుగు పేజీలు అతని బల్ల సొరుగులోనే ఉన్నాయి. కానీ ఎంతోమంది బేరగాళ్లని దారికి తెచ్చిన అతని నాలుకకి వేరే మాట దొరికింది. “సరేలే, చీకటి పడకముందు బయల్దేరు,” అన్నాడు.

ఆ రాత్రి తిండి తిన్నాడు, నిద్రా పోయాడు. తెల్లారి లేచాక ముఖం కడుక్కుంటూ, పిల్ల చేతుల్ని పట్టుకుని ఒళ్లో పెట్టడం గుర్తొచ్చింది. ప్రెస్సుకి వెళ్లేవాడు దారి మార్చి టీచరమ్మ గది వెతుక్కుంటూ వెళ్లాడు.

అది ఒక బట్టల కొట్టు మేడ మీద. అంతమంది పిల్లలున్న గదిలో అంత నిశ్శబ్దం అతను ఎప్పుడూ వినలేదు. గుండ్రంగా కూర్చున్నారు. చేతులు చేతులకి తగిలే చప్పుడు, మధ్యలో ఎవరో గట్టిగా నవ్వడం, అంతే. టీచరమ్మ నడివయసు మనిషి. అతనితో మాట్లాడుతున్నా చూపు పిల్లల చేతుల మీదే ఉంది.

“ప్రెస్సు షావుకారు గారా. మీరన్నా చెప్పండి ఆవిడకి. పుస్తకంలో రాశారని మానిపించేసింది. ఎవరు రాశారో ఏమో!”

అతను దగ్గాడు. “ఆలస్యమైందన్న మాట నిజమేనా?”

“నిజమే. ఇంకా చిన్నప్పుడు వచ్చుంటే ఇంకా తేలిగ్గా వచ్చేది. అందుకేగా ఇక ఒక్కరోజు కూడా పోనివ్వొద్దని ఆవిడతో మొత్తుకున్నది! ఆలస్యమైతే తొందరపడాలి గానీ, మానేస్తారా ఎవరైనా?” ఆమె ఒక పిల్లాడికి చేత్తో ఏదో సరిచేసి మళ్లీ అందుకుంది. “వచ్చినప్పుడు ఆకలేస్తే లాగడం, కోపమొస్తే కొట్టడం, అంతే వచ్చు దానికి. మొన్న నన్ను ‘ఎందుకు’ అని అడిగింది. వాన ఎందుకు పడుతుంది అని. వానకి ముందు దానికి ‘ఎందుకు’ అన్నదే లేదండీ.”

“రేపట్నించి పంపిస్తే?”

“చోటు ఇచ్చేశాను. అదిగో, ఆ మూల వాడికి. అయిదేళ్లు. వాళ్లమ్మ ఎన్నాళ్లుగా తిరుగుతోందో. లేపమంటారా?”

“ఇంకో కుర్చీ నేను వేయిస్తాను.”

“కుర్చీకేం భాగ్యం. నాకున్నవి రెండు కళ్లు. అందరి చేతులూ ఒకేసారి చూడాలి కదా.” ఆమె మొదటిసారి అతని వైపు నేరుగా చూసింది. “వానాకాలం దాటాక ఒకరిద్దరు వెళ్తారు. వరసలో ఉంటే అప్పుడు పిలుస్తాను.”

“అయితే వరసలో పెట్టండి, నేను చెబుతున్నాగా.”

“తల్లి వచ్చి చెప్పాలండీ. ఇంటి దగ్గర నేర్పాల్సింది ఆవిడ. ఆవిడకి మనసు లేకపోతే నేనిక్కడ పగలంతా నేర్పి ఏం లాభం?”

మెట్లు దిగుతూ అతను ఏదో ఒక దారి ఉంటుందని వెతికాడు. అతని జీవితంలో ఇంతవరకూ తిరిగి కొనలేని సరుకు తగల్లేదు. ధర పెరుగుతుంది, అంతే. ఇక్కడ ధర చెప్పేవాళ్లే లేరు.

మాస్టారు ఇంటి వసారాలో గోళ్లు తీసుకుంటూ కూర్చుని ఉన్నాడు. పుస్తకం తెచ్చాడేమోనని అతని చేతులకేసి చూశాడు. అతను నిలబడే చెప్పాడు. నాలుగు పేజీల సంగతి, మూడో ఫారం ఆమె సంగతి, చోటు పోయిన సంగతి. తనవైపు తూకం మొగ్గేలా చెప్పడానికి రెండు మూడుచోట్ల నోరు తెరిచి మూసుకున్నాడు.

“తీసేశావా,” అన్నాడు మాస్టారు. అది ప్రశ్నలా లేదు.

అతను తిట్లకి సిద్ధపడి నిలబడ్డాడు. మాస్టారు గోళ్ల ముక్కలు కాగితంలోకి ఊడ్చి, మడిచి, లోపల పారేసి వచ్చాడు.

“మొదట వాలు అని రాశానయ్యా. కొండవాలు. పైకి పోయేకొద్దీ ఎక్కడం కష్టమవుతుంది, ఎక్కలేమని ఎవరూ తేల్చలేదు, అని. రాసి చదువుకుంటే చప్పగా ఉంది. వాలు అంటే ఎవడి గుండె ఆగుతుంది? తలుపు అంటే చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు నాకూ నచ్చింది.” కూర్చున్నాడు. “తలుపు నాది. తట్టడం నీది. ఎవరి వాటా వాళ్లు తీసుకుందాం.”

“ఇప్పుడేం చేద్దాం మాస్టారూ?”

“అచ్చైంది కదా, చేసేదేముంది?”

“ఇంకా కుట్టలేదు. ఫారాలుగానే ఉన్నాయి.”

మాస్టారు తలెత్తాడు. ఇద్దరూ వసారాలోనే కాగితం ముందేసుకుని కూర్చున్నారు. పేజీలో చోటు కావాలి. బొమ్మ తీసేద్దామని అతనే అన్నాడు. ఆ సగం పేజీలో వాలు వచ్చింది. ఎందుకు ఆలస్యమైతే కష్టమనుకుంటున్నారో వచ్చింది, ఎంత తక్కువమందిని చూసి అలా అంటున్నారో వచ్చింది, అందరూ ఒప్పుకోరన్నదీ వచ్చింది. మాస్టారు మొహమాటపడుతూ ఒక ‘బహుశా’ తీసేయబోతే అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఉండనివ్వండి.”

“నీ నోట ఆ మాట!” అని మాస్టారు నవ్వబోయి మానుకున్నాడు.

ప్రెస్సుకొచ్చి మూడో ఫారం మొత్తం చిత్తుకి వేసి మళ్లీ అచ్చు వెయ్యమన్నాడు. చివరి నాలుగు పేజీలూ వేరే వేసి అంటించమన్నాడు. మెషినాయన గుడ్డ భుజాన వేసుకుని అలాగే నిలబడ్డాడు.

“మొత్తమా అయ్యా?”

“మొత్తం.”

“కాగితం చాలదు.”

“చాలినంత కొను.”

మెషినాయన అతని ముఖం పరకాయించి చూశాడు, ఒంట్లో బాగుందా లేదా అన్నట్టు.

కొత్త ఫారాలు ఆరాక మొదటి కట్ట అతనే మోసుకెళ్లి మూడో ఫారం ఆమె ముందు దించాడు. పుల్లల చప్పుడు ఆగింది. షావుకారు కట్ట మోయడం ఆ గది ఎన్నడూ చూడలేదు.

“ఏంటండీ, మాకు పని లేకుండా చేస్తారా ఏంటి?” అంది అత్త.

ఎవరూ నవ్వలేదు. పిల్ల కోసం చూశాడు, కనపడలేదు. అడిగాడు.

“ఇంటి దగ్గరే ఉంచానండీ. ఇక్కడికొస్తే చేతులు ఊరుకోవు.”

ఆమె ఒక కాగితం తీసి, అంకెలు చూసి, మడిచి, నొక్కి, తిప్పి, మళ్లీ మడిచింది. పైకి తేలిన పేజీలో బొమ్మ లేదు. కళ్లు పేజీ మీద ఆగాయి. పై నుంచి కిందికి చదివింది, మళ్లీ పైకి వెళ్లి చదివింది.

“మారిపోయిందేంటండీ?”

“మాస్టారు రాసింది ముందు నుంచీ ఇదే. చివర్లో వేరే పేజీల్లో ఉండేది. నేను తీసేశాను.”

“ఎందుకండీ?”

“చోటు చాలక. నాకు అక్కర్లేదనిపించి.”

ఆమె పుల్ల కింద పెట్టింది. “అయితే మా పిచ్చుకకి వస్తుందా?”

“రావచ్చు.”

“రావచ్చంటే? వస్తుందా, రాదా?”

అతనికి ఏం అంటే అమ్ముడుపోతుందో బాగా తెలుసు. ఒక్క మాట. వస్తుంది. అంటే ఆమె ఆ క్షణంలో లేచి వెళ్లి వరసలో నిలబడుతుంది. మాట నోటి దాకా వచ్చింది. తను ఆ సోమవారం చేసిన పని కూడా సరిగ్గా ఇదేనని తెలిసి, అక్కడే ఉండిపోయింది.

“చెప్పలేనమ్మా. కష్టమే. టీచరమ్మ మాత్రం వదలొద్దంటోంది. ఆలస్యమైంది కాబట్టే వదలొద్దని. వానాకాలం దాటాక చోటు దొరుకుతుందట. నువ్వు వెళ్లి ఒక్క మాట చెబితే వరసలో పెడుతుంది. ఇకనుంచి ఆ గంటకి కూలి కోయను.”

“చెప్పలేనంటున్నారు.”

“అవును.”

“మొన్నటిదీ మీరే వేశారు. ఇదీ మీరే వేశారు.” ఆమె రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టింది. పాతది ఒకటి ఒళ్లో దాచుకుని ఉంది. “అక్షరాలు ఒకేలా ఉన్నాయి కదండీ. ఏది నమ్మాలో మీద రాసి లేదు.”

“ఇదే నిజం. ఎంత తెలుసో అంతే రాసి ఉంది ఇందులో.”

“చాన్నాళ్లకి మొన్న కంటి నిండా నిద్రపోయానండీ,” అంది ఆమె. గొంతులో కోపం ఉంటే అతనికి బాగుండేది. “ఇప్పుడు మళ్లీ లోపం నాదేనంటారా?”

“ఛ, అలా అని కాదమ్మా...”

“మరి ఎవరిదండీ?”

అత్త తన పుల్ల వైపు చూసుకుంది. మిగతావాళ్లు కాగితాలు సర్దుకుంటున్నట్టు నటించారు. నాదేనమ్మా అనడానికి అతనికి చాలాసేపు పట్టింది. అన్నాడు. అందరూ విన్నారు. ఆమె తల ఊపింది, ధర కుదరకపోయినా మర్యాదకి ఊపినట్టు.

“చూస్తానండీ,” అంది.

ఆ ‘చూస్తానండీ’ ఎలాంటిదో బేరాలు చేసేవాడికి తెలుసు. కొట్టు మెట్లు దిగిపోయేవాళ్లు అనే మాట అది.

ఆమె లేచే వేళకి అతను ఏదో పని ఉన్నట్టు మడతల గది గుమ్మంలో నిలబడ్డాడు. గోడ గడియారం కేసి రెండుసార్లు చూశాడు, ఆమెకి కనపడేలా. ఆమె చూసింది కూడా. చూసి, ఇంకో కాగితం అందుకుంది. మడిచింది, నొక్కింది, మడిచింది. అయిన ఫారాన్ని అందరూ పెట్టినట్టు వెల్లకిలా కాకుండా, బోర్లా తిప్పి గుట్ట మీద పెట్టింది. అలాగే ఇంకొకటి. మొదటి పేజీ కిందికి.

పుస్తకం అనుకున్న రోజుకంటే కాస్త ఆలస్యంగా దుకాణాలకి చేరింది. వెనక అంటించిన చోట కొంచెం ఉబ్బింది, ఎవరూ పట్టించుకోలేదు. బొమ్మ లేని పేజీలో అనుమానాలు ముందే కనపడితే చదివేవాళ్లు వెనక్కి తిరుగుతారని అతను భయపడ్డాడు. తిరగలేదు. మాస్టారికి ఎవరెవరో మెచ్చుకుంటూ కబుర్లు పంపారు. ఆయన వచ్చి, బల్లకి అటువైపు కూర్చుని, ఆమె వెళ్లిందా అని మాత్రం అడిగాడు. అతను ఆ పొద్దునే మేడ మెట్లెక్కి కనుక్కుని వచ్చాడు. రాలేదండీ ఇంకా, అంది టీచరమ్మ, చూపు పిల్లల చేతుల మీదే ఉంచి.

మాస్టారు వెళ్లాక అతను అలవాటు ప్రకారం మనసులో లెక్క కట్టుకున్నాడు. కాగితం చెల్లింది. మెషినుకి చేతినిండా పని దొరికింది. పుస్తకంలో అబద్ధం లేదు. దుకాణాలవాళ్లు మళ్లీ పంపమన్నారు. మూడో ఫారం ఆమె ఇప్పుడు చదవడం మానేసింది కాబట్టి చెయ్యి ఇదివరకటికంటే వేగంగా నడుస్తోంది, గదిలో మాటలూ తగ్గాయి. పైగా రోజూ సాయంత్రం ఒక గంట పని ఎక్కువ. పక్కగదిలోంచి ఆ గంట పుల్ల గీరుడై వినిపిస్తూనే ఉంది. మిగతావన్నీ లాభంలో కలిశాయి. అదొక్కటే, ఎన్నిసార్లు కూడినా, కలవలేదు.